తొలి పోత ఎవరికి

అరకులో నాకు ఇన్‌స్టంట్ కాఫీ ఇచ్చారు.

తిరుపతి వెళ్ళి లడ్డూ అడిగితే బిస్కెట్ చేతిలో పెట్టినట్టు. కప్పు అందించినాయన పేరు ఉదయ్. ఆ రిసార్టు హాల్లో జరుగుతున్న ఇత్తడి బొమ్మల ప్రదర్శన ఆయనదే. ఆయన మోచేతి పక్కన కౌంటరు మీద ‘అరకు అసలు గింజలు’ అని రాసిన పెద్ద రేకు డబ్బా ఉంది. దాని పక్కనే గింజలు ఆడే మర ఉంది. అయినా ఆయన వంటింట్లోకి కేకేసి వేణ్ణీళ్ళూ పొడి పొట్లమూ తెప్పించాడు. నేను తాగాను, ముఖం చిట్లించాను, ఊరుకున్నాను. ఆ పొడిలో పస లేకపోయినా పొడుపుకథ ఉందని అప్పటికి తట్టలేదు.

నా పేరు ధనరాజు. పేరులో ధనమూ ఉంది, రాజూ ఉన్నాడు. ఇద్దరూ అక్కడే ఉండిపోయారు, జేబులోకి దిగలేదు. విశాఖపట్నంలో ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఈ కేసులోకి నన్ను పిలిచింది ఉదయ్ కాదు, బొమ్మ పోగొట్టుకున్న దుర్గాప్రసాద్ కాదు. దొంగ అని గదిలో పెట్టి తాళం వేసిన కుర్రాడి తల్లి, ఈశ్వరమ్మ.

ఆమె పిలిస్తే నేను స్నానం మధ్యలోనైనా వస్తాను. వయసులో ఉండగా బీమా పాలసీలు అమ్ముదామని ముంచింగిపుట్టు సంతకి వచ్చాను. ఊళ్ళోవాళ్ళ ప్రాణాలకి బీమా చేయబోయి నా ప్రాణానికే ధీమా లేకుండా మలేరియాతో పడిపోయాను. ఈశ్వరమ్మ నాకు రాగి అంబలి తాగించింది. ఆమె మొగుడు సుక్రు, ఇంకో ముగ్గురు కలిసి డోలీ కట్టి వానలో కొండ దింపి పాడేరు ఆసుపత్రిలో పడేశారు. ఎవరినైనా చచ్చాక నలుగురు మోస్తారు. నన్ను చావకుండా నలుగురు మోశారు. ఇన్నేళ్ళ వృత్తిలో నన్ను మోసం చేసినవాళ్ళు లెక్కలేనంతమంది. మోసినవాళ్ళు మాత్రం ఆ నలుగురే. సుక్రు బావ ఇప్పుడు లేడు. ఆనాటి నుంచీ ఈశ్వరమ్మ నాకు అప్ప. నేను ఆమెకి అప్పు. ఈ రెండోది తీరే రకం కాదు.

నిన్న సాయంత్రం ఫోన్‌లో ఆమె అన్నది ఇంతే: “తమ్ముడా, మా గుంటడిని గదిలో ఎట్టి తాళమేసినారంట. బేగి రా.”

వచ్చేశాను.

జరిగింది ఇది. ఈశ్వరమ్మ చేతి పని మైనపు పోత. మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ. ఉదయ్ ఆమె చేత అరచేతిలో పట్టే థింసా నాట్యం బొమ్మలు చేయించాడు. గుండ్రటి పీట మీద చేతులు కలుపుకుని ఆడే ఆడపిల్లల వరస. లిమిటెడ్ ఎడిషన్, మొత్తం ముప్పై. “ముప్పై ఒకటోది ఈ లోకంలో ఉండదు” అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాడు. ప్రతి బొమ్మకీ అడుగున నంబరు. అందులో ఒకటో నంబరుది విశాఖ గ్రానైటు వ్యాపారి దుర్గాప్రసాద్ కొన్నాడు. ప్రదర్శన అయ్యేదాకా అద్దాల పెట్టెలోనే ఉంచాడు. నిన్న సాయంత్రం అతిథులంతా బయట పచ్చికలో థింసా చూస్తుండగా, లోపల ఇత్తడి థింసా మాయమైంది. ఆ సమయంలో హాల్లోకి వెళ్ళి వచ్చినవాడు ఈశ్వరమ్మ కొడుకు కామేష్, ఈ బొమ్మల పెట్టెలు మోయడానికి వచ్చిన కుర్రాడు.

పాడేరు నుంచి పోలీసు జీపు బయల్దేరిందని నేను కాఫీ కప్పు దించేసరికి కబురొచ్చింది. జీపు వచ్చేలోగా నిజం రాకపోతే కామేష్ జీపులో పోతాడు.

“మీకు శ్రమ లేకుండా కేసు నిన్ననే ముగించేశాను ధనరాజు గారూ,” అన్నాడు జగదీష్. బీమా కంపెనీ తరఫు పరిశోధకుడు. చేతిలో ట్యాబు, మెడలో కార్డు, ముఖంలో నా మీద జాలి. లోగడ రెండు కేసుల్లో నాకంటే ముందు తేల్చేశాడు. ఆ రెండూ తప్పే తేల్చాడన్నది వేరే సంగతి.

“ముగింపు మీది. ముడి విప్పడం నాది. కుర్రాడితో మాట్లాడొచ్చా?”

“మాట్లాడండి. అతను మాట్లాడడు.”

సామాన్ల గదిలో కామేష్ తిరగేసిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. “మామా, నువ్వెందుకొచ్చినావు?”

“మీ నాన్న నన్ను మోస్తున్నప్పుడు నేను అడగలేదురా, ఎందుకొచ్చావని. కూర్చో. హాల్లోకి వెళ్ళావా?”

“ఎల్లినాను.”

“పెట్టె తెరిచావా?”

“ముట్టుకోనేదు. అద్దం ఇవతలనించే సూసినాను. సూసి ఒచ్చేసినాను.”

“అప్పుడు బొమ్మ ఉందా?”

“ఉంది.”

“చూడ్డానికి ఏముందిరా? మీ అమ్మ చేసిందే కదా. ఇంట్లో చూసుంటావు.”

కామేష్ తల దించాడు. కాలి బొటనవేలితో సిమెంటు గీకాడు. “ఒకటో నంబరు ఎలగుంటాదో సూద్దారని,” అన్నాడు.

“ఎలా ఉంది?”

“బాగుంది.”

ఆ ‘బాగుంది’లో ఏదో బాగోలేదు. సొంత అమ్మ పనిని మెచ్చుకుంటూ ఎవడూ అంత దిగులుగా చెప్పడు.

“కామేషూ, కింద జీపు వస్తోంది. తెలిసింది చెప్పు.”

“సెప్తే మా యమ్మని దొంగంతారు మామా. ఒగ్గీ. నన్నే అననీ.”

అంతే. వద్దంటూనే చెప్పాల్సింది చెప్పేశాడు. వాడు దాస్తున్నది తన తప్పు కాదు. తల్లిది అని వాడు భయపడుతున్న తప్పు. అది ఆ బొమ్మను అద్దంలోంచి చూడగానే వాడికి కనిపించింది.

నేను హాల్లోకి వచ్చాను. గోడ వెంట అద్దాల పెట్టెలు వరసగా ఉన్నాయి. ఒక్కో దానిలో ముదురు ఎరుపు మఖమల్ దిండు, దాని మీద బొమ్మ. మొదటి పెట్టెలో దిండు ఒక్కటే మిగిలింది. తాళం చెక్కుచెదరలేదు.

“తాళంచెవులు రెండు,” అన్నాడు జగదీష్ నా భుజం పక్కన చేరి. “ఒకటి ఉదయ్ గారి జేబులో. రెండోది రిసెప్షన్‌లో మేకుకి. ఆ మేకు పక్కనుంచే కామేష్ నడిచాడు. తీశాడు, తెరిచాడు, మళ్ళీ తగిలించాడు.”

“మేకుకి తగిలించిన తాళంచెవి పక్కనుంచి నేనూ నడిచాను. నన్నూ రాసుకోండి.”

“మీకు కారణం లేదు.”

“వాడికేం కారణం? ఇంట్లో పొయ్యి దగ్గర పుట్టే బొమ్మని వాడు దొంగిలించడం అంటే, మిఠాయి కొట్టువాడి కొడుకు పక్క కొట్లో జిలేబీ కాజేసినట్టు.”

“మీకు ఎడిషన్ల సంగతి తెలీదు సార్.” ఈ మాట జగదీష్‌ది కాదు, వెనక కుర్చీలోంచి వచ్చింది. దుర్గాప్రసాద్. ఆయన ఫోను నంబరు చివర అన్నీ ఒకట్లే. ఇంటి నంబరు ఒకటి. పోర్టికోలో నిలబెట్టిన నల్ల కారు నంబరు ఒకటి. పెళ్ళి మాత్రం రెండోది. “ఒకటో నంబరు వేరు, పదిహేడో నంబరు వేరు. మాలాంటి వాళ్ళు కొనేదే దాన్ని చూసి.”

“తక్కువ నంబరులో ఎక్కువేముందండీ?”

“తొలి అచ్చులో గీత పదునుగా ఉంటుంది. పోనుపోను అచ్చు అరిగిపోతుంది.”

“అది కాగితం మీద అచ్చుకి. ఇక్కడ బొమ్మ బొమ్మకీ అచ్చు పగలగొడతారు. ముప్పై బొమ్మలకి ముప్పై అచ్చులు. అరగడానికి ఏదీ మిగలదు. బస్సులో మొదటి టిక్కెట్టువాడూ ఆఖరి టిక్కెట్టువాడూ పాడేరు ఒకేసారి దిగుతారు కదా.”

“దిగుతారు. కానీ కిటికీ పక్క సీటు మొదటివాడిది,” అన్నాడు ఆయన.

ఒప్పుకోవాలి, మంచి సమాధానం. ఆయన్ని ఆ క్షణంలో తేలిగ్గా తీసుకున్నాను. అది నా పొరపాటు.

“హైదరాబాద్ నుంచి ఇవాళ నిపుణుడు వస్తున్నాడు, నా ఒకటో నంబరుకి సర్టిఫికెట్ ఇవ్వడానికి,” అన్నాడు. “నిన్న టీ దగ్గరే అందరికీ చెప్పాను. గంట తిరక్కుండా పోయింది.”

“టీ దగ్గర ఎవరెవరున్నారు?”

“నేను, ఉదయ్, ఇంకో ఇద్దరు కొనుగోలుదార్లు.”

“కామేష్?”

“వాడికి మా టేబుల్ దగ్గర ఏం పని?”

నేను తాళం తీయించి ఖాళీ దిండు ముందు వంగాను. అప్పుడు ఉదయ్ ఒక చిన్న పని చేశాడు. “నలిగిపోయిందండీ” అంటూ చెయ్యి చాచి దిండుని నిమరబోయాడు. బొమ్మ పోయిన ఇంట్లో దిండు ముడతల గురించి దిగులుపడే మనిషిని మొదటిసారి చూశాను. ఆ చెయ్యి దిండుకి చేరకముందే పట్టుకున్నాను.

“ముట్టుకోకండి. దిండుకి నోరు లేదు గానీ మాట ఉంది.”

ఇత్తడి బరువు. రోజుల తరబడి ఒకేచోట కూర్చుంటే మఖమల్ మీద పీట ఆకారం గుండ్రంగా దిగిపోతుంది. ఈశ్వరమ్మ నంబర్లు చెక్కినవి కాదు. మైనం తీగతో అతికించి పోసినవి, పైకి ఉబ్బి ఉంటాయి. కాబట్టి గుండ్రంలో నంబరూ దిగింది. ఖాళీ దిండు మీద గుండ్రం ఉంది, ఒకటి ఉంది. కానీ ఒకటి గుండ్రం నడుమ లేదు. బస్సులో ఇంకొకరికి చోటిచ్చి జరిగి కూర్చున్నవాడిలా ఒక అంచుకి ఒదిగి ఉంది.

పక్క పెట్టె తెరిపించాను. రెండో నంబరు బొమ్మ ఎత్తి చూశాను. రెండు సరిగ్గా నడుమ ఉంది. మూడు, నడుమ. నాలుగు, నడుమ. పదకొండో నంబరు ఎత్తాను. రెండు ఒకట్లూ నడిమి గీతకి చెరో పక్క సర్దుకుని కూర్చున్నాయి.

జగదీష్ ట్యాబు కిందికి దించాడు. తెలివైనవాడే. నా కంటే ఒక్క నిమిషం ఆలస్యంగా ఆయనకీ అర్థమవుతోంది.

సరిగ్గా అప్పుడే ముంచింగిపుట్టు నుంచి వచ్చే సర్వీసు జీపు దిగి ఈశ్వరమ్మ వచ్చింది. గబగబా నడిచి వచ్చినట్టుంది, పమిటతో ముఖం తుడుచుకుంటోంది. నన్ను చూసి, “తిన్నావా తమ్ముడా?” అంది. కొడుకు గదిలో ఉన్నాడు, పోలీసులు దారిలో ఉన్నారు, అయినా ఆమె మొదటి మాట అది.

“తర్వాత తింటాను అప్పా. ముందు ఇది చెప్పు. నంబరు ఎక్కడ పెడతావు?”

“పీట నడిమజ్జన.”

“ఒక పక్కకి ఎప్పుడైనా జరుగుతుందా?”

“నుదుటి మీద బొట్టు పక్కకెట్టుకుంటామేటి?”

“మరి ఒకటో నంబరు బొమ్మ ఉదయ్ గారికి ఎప్పుడు పంపావు?”

ఆమె నావైపు వింతగా చూసింది. “పంపనేదు.”

దుర్గాప్రసాద్ కుర్చీలోంచి లేచాడు.

“కొత్త ఎట్టకుండా ఎలగ అమ్ముతాం?” అంది ఈశ్వరమ్మ, చిన్నపిల్లలకి చెప్పినట్టు. “తొలి మావిడికాయ తల్లికి కొత్త ఎట్టకుండా మనం తింతామేటి? ఇదీ అంతే. కొత్త బొమ్మ మొదలెడితే తొలి పోత కొండమ్మ తల్లికి. నిప్పునిచ్చింది ఆ తల్లి, మట్టినిచ్చింది ఆ తల్లి. ముందు ఆయమ్మకి దణ్ణమెట్టుకోకుండా మన సేతిలోకి కూడెలగొస్తాది? ఈ బాబు ముప్పై అడిగినాడు, ముప్పై ఇచ్చినాను. రెండు కాడనించి ముప్పై ఒకటి దాకా.”

ముప్పై ఒకటి.

అందరం గోడ వైపు చూశాం. ‘ముప్పై ఒకటోది ఈ లోకంలో ఉండదు.’ ఉదయ్ తను రాయించిన అక్షరాలకేసి తప్ప అన్ని వైపులా చూశాడు.

“ఉంది,” అన్నాను. “ఎడమ పక్క మూడుని ఆకురాయితో అరగదీస్తే మిగిలేది ఒకటి. కాకపోతే నడుమ ఉండదు, ఓ పక్కకి ఉంటుంది. పైన చూసేవాడికి తెలీదు. బొమ్మ తిరగేసే నిపుణుడికి తెలుస్తుంది. ఆ నిపుణుడు వస్తున్నాడని నిన్న టీ దగ్గర తెలిసింది. బొమ్మ మాయం కావాల్సిన అవసరం కామేష్‌కి లేదు. దాన్ని తయారుచేసినాయనకి ఉంది. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది, మేకు దాకా వెళ్ళే పని కూడా లేదు. సొంత ప్రదర్శనలోకి ఆయన వెళ్ళి వస్తే ఎవరూ లెక్కపెట్టరు.”

“ఆధారం?” అన్నాడు ఉదయ్. “బొమ్మ ఎక్కడుందో చూపించండి.”

ఇక్కడ నాకు నిజంగా తెలీదు. నోట్లో చేదు మాత్రం ఇంకా ఉంది. ఆ చేదే గుర్తుచేసింది.

“ఉదయ్ గారూ, ఇంకో కాఫీ ఇప్పిస్తారా? ఈసారి ఈ డబ్బాలో గింజలతో.”

ఆయన కదల్లేదు. కదిలింది జగదీష్. కౌంటరు దగ్గరికి వెళ్ళి డబ్బా ఎత్తి ఒకసారి ఊపాడు. గింజల గలగల మధ్య ఇంకేదో ఠంగుమంది. మూత తీసి మోచేతి దాకా చెయ్యి దింపాడు. బయటికొచ్చిన చేతిలో ఇత్తడి ఆడపిల్లలు గింజల పొట్టు తలకి పట్టించుకుని ఇంకా థింసా ఆడుతున్నారు. బొమ్మ తిరగేశాడు. ఒక అంచుకి ఒకటి. రెండో పక్క ఆకురాయి నున్నదనం.

“రెండు కేసుల్లో నాది తప్పని నేను ఎక్కడా ఒప్పుకోలేదు,” అన్నాడు నాతో మెల్లగా. “ఇది మూడోది. ఒప్పుకుంటున్నాను. మీరు లేకపోతే ఆ కుర్రాణ్ణి పంపించేసేవాణ్ణి.” అని తనే వెళ్ళి సామాన్ల గది తాళం తీశాడు. నిజాయితీగా చెప్తున్నాను, ఆ క్షణంలో ఆ మనిషి మీద నాకు కృతజ్ఞత కలిగింది. అది మాకిద్దరికీ ఇబ్బందిగానే ఉంది.

ఉదయ్ కుర్చీలో కూలబడ్డాడు. “అందరూ ఒకటే కావాలంటే నేనేం చెయ్యను? ముప్పై ఒకటి అడిగినవాడు ఒక్కడు లేడు. ఫోన్ చేస్తే, మొదటిది అమ్మకిచ్చేశాను, వెనక్కి తీసుకోను అంది. వాళ్ళమ్మ అంత గట్టిదా అనుకున్నాను.”

“గట్టిదే,” అన్నాను. “కొండంత.”

కామేష్ బయటికొచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. “కొండమ్మ కాడ పెట్టినదాంట్లో ఒక ఆడగుంటకి సెయ్యి సరిగ్గా అతకనేదు మామా. ఇందులో అన్ని సేతులూ బాగున్నాయి. అందుకే ఇది ఒకటి కాదని తెలిసిపోయింది. మా యమ్మే మోసం సేసిందంతారని నోరు మూసుకున్నాను.”

“తొలి దాంట్లో సెయ్యింకా మాట ఇనదురా,” అంది ఈశ్వరమ్మ. “పదో దగ్గరకొచ్చేసరికి సెయ్యి దార్లో పడతాది. ఆ వొంకరది ఒకరికమ్మితే తిడతారు. ఆ తల్లయితే తిట్టదు.” అని వాడి జుట్టు సరిచేసి, నా రెండు చేతులూ పట్టుకుని తన కళ్ళకి అద్దుకుంది. “తమ్ముడా, నా బిడ్డని నాకిచ్చినావు.”

“మీరు ఇచ్చిన ప్రాణమే అప్పా. అందులోంచే ఈ చేతులు కూడా.”

ఆ సంతోషంలో మేమిద్దరం మెత్తబడ్డాం. అప్పుడు దుర్గాప్రసాద్ దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. ఎంతో మర్యాదగా, ఎంతో మెత్తగా అడిగాడు: “తల్లీ, మీ వల్ల నేను మోసపోకుండా బయటపడ్డాను. మీ కొండమ్మకి నేనూ ఒక కొబ్బరికాయ కొట్టుకోవాలి. ఎక్కడుంటుంది ఆ తల్లి?”

దేవతకి దణ్ణం పెట్టుకుంటానన్న మనిషికి దారి చెప్పకపోవడం ఈశ్వరమ్మ ఎరగదు.

“మా ఊరి మీదుగా పోయి గెడ్డ నీళ్ళు దాటితే జీలుగు తోపు బాబూ. లోపల రాయి ఉంటాది. దాని కాళ్ళ కాడే అన్నీ. నాది, మా అత్తది, మా అత్తకి అత్తది. ఎన్ని తరాలో. ఎవరు ఏ బొమ్మ కొత్తగా మొదలెట్టినా దాని తొలి పోత అక్కడే ఉంటాది.”

“కాపలా ఉంటుందా?”

“అమ్మకి కాపలా ఎందుకు? అమ్మే మనకి కాపలా.”

నేను వింటూనే ఉన్నాను. నవ్వుతూ కూడా ఉన్నాను. కామేష్ ఉప్మా ప్లేటు తెచ్చి చేతిలో పెడితే, ‘తిన్నావా’ అన్న మాటకి మర్యాదగా తిన్నాను. రెండు ముద్దలు దిగాక మూడోది ఆగిపోయింది.

ఒకటో నంబరు కోసం ప్రాణం పెట్టే మనిషికి, ఒకట్లన్నీ ఒకేచోట కాపలా లేకుండా ఉన్నాయని మేము దారితో సహా చెప్పాం. కామేష్‌ని విడిపించడానికి ఆ తోపు ఉనికిని నేనే హాలు మధ్యకి లాగాను. నన్ను మోసినవాళ్ళు ఇన్ని తరాలుగా తల్లికి చెప్పుకున్న కృతజ్ఞతంతా ఆ రాయి కాళ్ళ దగ్గర ఉంది.

“అప్పా, ఆ తోపులోకి కారు వెళ్తుందా?”

“గెడ్డ దాకా ఎల్తాది. ఏటి తమ్ముడా?”

చుట్టూ చూశాను. ఉదయ్ ఉన్నాడు. జగదీష్ ఉన్నాడు. వెనక కుర్చీ ఖాళీగా ఉంది. ప్లేటు కింద పెట్టి పోర్టికోలోకి పరుగెత్తాను. నల్ల కారు నిలబెట్టినచోట సిమెంటు మీద టైర్ల గుర్తు తప్ప ఏమీ లేదు.

పాడేరు జీపు అప్పుడే గేట్లోకి తిరిగింది. ఎస్సై దిగుతూ, “దొంగ ఎక్కడండీ?” అన్నాడు.

“ఒకడు లోపలున్నాడు సార్,” అన్నాను, జీపు తలుపు పట్టుకుని పైకెక్కుతూ. “ఒకటోవాడు వెళ్ళిపోయాడు. వెనక్కి తిప్పండి.”